కథ ఎవరి నోట చెప్పించాలి? 'నేను', 'అతను', అన్నీ తెలిసిన కథకుడు: ఏది ఎప్పుడు

కొత్తగా కథలు రాసేవాళ్లు ఇతివృత్తం గురించి చాలా ఆలోచిస్తారు. ముగింపు గురించి ఇంకా ఎక్కువ ఆలోచిస్తారు. కథ ఎవరు చెబుతున్నారన్నది మాత్రం మొదటి వాక్యం రాసేటప్పుడు ఎలా వస్తే అలా తేలిపోతుంది. 'నేను' అని మొదలైతే 'నేను', 'రాజేష్ బస్సు దిగాడు' అని మొదలైతే రాజేష్. నాలుగైదు పేజీలయ్యాక పట్టు సడలినట్టు అనిపిస్తుంది. పాత్రలు బాగానే ఉంటాయి, సంఘర్షణ ఉంటుంది, సంభాషణలు సహజంగా ఉంటాయి. అయినా కథ మనసుకు తగలదు. కొత్తవాళ్ల రాతప్రతులు చదివినప్పుడు నాకు తరచుగా కనిపించే లోపం ఇదే: కథను చెప్పాల్సిన మనిషి కాకుండా వేరే ఎవరో చెబుతుంటారు.

వస్తువు, పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ, ఎత్తుగడ, ముగింపు అంటూ కథాంగాల గురించి చెప్పే పాఠాల్లో దృక్కోణం, అంటే కథ ఎవరి వైపు నుంచి చెబుతున్నామన్నది, చివర్లో ఒక పేరాగా వస్తుంది. నన్నడిగితే దాన్ని ముందుకు తేవాలి. మిగతా అంగాలన్నీ, ఉపమానాలతో సహా, చెప్పే గొంతును బట్టి మారిపోతాయి. ఏ గొంతు ఎప్పుడు ఎంచుకోవాలో ఒకే చిన్న సంఘటన మీద చూద్దాం.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే ఆర్టీసీ బస్సు. సాయంత్రం, బాగా రద్దీ. ఒక పెద్దాయన టికెట్‌కి ఐదువందల నోటు ఇచ్చాడు. కండక్టర్ దగ్గర చిల్లర లేదు. టికెట్ వెనక 400 అని రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమన్నాడు. పాణ్యంలో పెద్దాయన ఆ సంగతి మరిచిపోయి దిగిపోయాడు. కండక్టర్ చూశాడు. అప్పటికి సంచిలో చిల్లర ఉంది. పిలవలేదు. 'రైట్, రైట్' అన్నాడు. ముందు సీట్లో కూర్చున్న ఇంటర్ చదివే అమ్మాయి ఇదంతా చూసింది, ఏమీ అనలేదు.

జరిగింది ఇంతే. దీన్ని ఎవరు చెబితే ఏం కథ అవుతుంది?

కండక్టరే 'నేను' అయితే

"పిలుద్దామనే అనుకుంటి. అంతలోకే వెనక బస్సోడు హారన్ కొట్టె. నలుగురు ఎక్కుతాండారు. నేనేమన్నా ఆయప్ప జేబులో చెయ్యి పెట్టి తీసుకుంటినా? మరిచిపోయింది ఆయప్పే గదా."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. వెనక బస్సు నిజంగానే హారన్ కొట్టింది, జనం నిజంగానే ఎక్కుతున్నారు. కానీ ఎవరూ అడగకుండానే ఈ మనిషి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. అతను తప్పు చేశానని అనుకుంటున్నట్టు ఒక్క మాటా లేదు, అయినా మనకు తెలిసిపోతుంది. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని గురించి చెప్పింది కవిత్వం కోసమే అయినా, ఉత్తమ పురుష కథనానికి అంతకన్నా మంచి పాఠం లేదు. మాటకు నేరుగా వచ్చే అర్థం ఒకటి, దాని వెనక మోగేది ఇంకొకటి. 'నేను' అని చెప్పేవాడు తనను తాను దాచుకోవడానికి ఎంత ప్రయత్నిస్తే అంత బయటపడతాడు. మీ కథకు బలం ఈ దాచుకోవడంలోనే ఉంటే మారు ఆలోచన లేకుండా 'నేను' ఎంచుకోండి.

దానికి కట్టాల్సిన వెల కూడా ఉంది. మొదటిది, భాష. ఆ కండక్టర్ నంద్యాల ప్రాంతం మనిషి. 'ఆ క్షణంలో నాలో ఒక తటపటాయింపు చోటుచేసుకుంది' అని అతను అనడు. అతని నోట ఆ వాక్యం రాసిన మరుక్షణం కండక్టర్ మాయమై రచయిత ప్రత్యక్షమవుతాడు. అందుకే ఏ ప్రాంతం మనిషిని 'నేను' చేస్తే ఆ ప్రాంతం మాట మీకు చెవిలో ఉండాలి. సంభాషణలకు సరిపడా వస్తే చాలదు. కథ మొత్తం, వర్ణనలూ ఆలోచనలూ కూడా, ఆ మాటలోనే నడవాలి. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు జిల్లా పల్లె భాష మొదటి నుంచి చివరి దాకా అలాగే నడుస్తుంది. ఆ భాషను తీసి పక్కన పెడితే ఆ కథల్లో సగం ప్రాణం పోతుంది. అంత పట్టు లేనప్పుడు ఇంకో దారి చూసుకోవడం మంచిది.

రెండోది, అతను లేని చోట ఏం జరిగిందో చెప్పలేడు. పెద్దాయన ఇంటికెళ్లి ఏం చేశాడో కండక్టర్‌కు తెలియదు. ఇక్కడ తెలుగు ఒక సాయం చేస్తుంది. 'ఆ రాత్రి ఇంట్లో చాలా గొడవైందంట' అని ఒక్క 'అంట' చేర్చితే అది విన్న కబురని పాఠకుడికి తెలిసిపోతుంది. ఎవరి నోట విన్నాడన్నది కూడా కథలో భాగమవుతుంది. దీన్ని రచయితలు వాడాల్సినంత వాడుకోవడం లేదని నా అభిప్రాయం.

మూడోది అందరూ మరిచిపోయేది: ఎప్పుడు చెబుతున్నాడు? అదే రాత్రి డిపోలో డబ్బు లెక్క కట్టేసి బయటికొచ్చి స్నేహితుడితో చెబుతున్నాడా, రిటైరైన ఇరవై ఏళ్లకు మనవడితో చెబుతున్నాడా? మొదటిదైతే బుకాయింపు. రెండోదైతే పశ్చాత్తాపం కావచ్చు, ఇంకా పాతుకుపోయిన బుకాయింపూ కావచ్చు. మనిషి ఒకడే, సంఘటన ఒకటే, కానీ అవి రెండు వేరువేరు కథలు. 'నేను' ఎంచుకోగానే కాగితం మీద ఒక మూల ఈ ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోండి: ఎన్నేళ్ల తర్వాత, ఎవరితో?

ఇంకో చిన్న మాట. తెలుగులో క్రియే ఎవరో చెప్పేస్తుంది. 'వెళ్లాను' అంటే చాలు, 'నేను వెళ్లాను' అక్కర్లేదు. ప్రతి వాక్యం ముందూ 'నేను' పెడితే ఆ మనిషి తన గొప్పలు చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. మీకు కావాల్సింది అదే అయితే తప్ప తీసేయండి.

చూసిన అమ్మాయి చెబితే

ఇదీ 'నేను' కథనమే. కానీ కథ ఆమెది కాదు, ఆమె సాక్షి. మనకు ఇది కొత్త పద్ధతేం కాదు. కురుక్షేత్ర యుద్ధాన్ని మహాభారతంలో సంజయుడు ధృతరాష్ట్రుడికి చెబుతాడు. యుద్ధంలో చస్తున్నది ఎదురుగా కూర్చుని వింటున్నవాడి కొడుకులు. చెప్పేవాడు యుద్ధం చేయడం లేదు, వినేవాడు చూడలేడు. వాళ్లిద్దరి మధ్య ఉన్న బంధం వల్లే ఒక్కొక్కరి చావు కబురూ ఆ తండ్రికి తగిలినట్టు మనకూ తగులుతుంది. సాక్షి కథనంలో నేర్చుకోవాల్సింది ఇదే: సాక్షికి గానీ వినేవాడికి గానీ ఆ సంఘటనలో ఏదో ఒకటి పోవాలి.

మన అమ్మాయి ఊరికే చూసి ఊరికే చెబితే అది వార్త. ఆమె ఎందుకు మాట్లాడలేదన్నది కథ. బహుశా కండక్టర్ రోజూ ఆమెను పలకరించేవాడు, ఆలస్యమైన రోజు ఆమె కోసం బస్సు ఒక నిమిషం ఆపేవాడు. 'తాతా, చిల్లర' అని ఒక్క మాట అంటే రేపటి నుంచి అదంతా పోతుంది. ఇప్పుడు మౌనం ఇద్దరిదీ అయింది. ప్రధాన పాత్ర గురించి పాఠకుడు తన నిర్ణయానికి తాను రావాలి, కానీ ఆ పాత్ర తన గురించి తాను చెప్పుకునే రకం కాదు అన్నప్పుడు సాక్షి కథనం బాగా పనిచేస్తుంది. మహానుభావుల గురించీ, మొండిమనుషుల గురించీ, చనిపోయినవాళ్ల గురించీ రాసేటప్పుడు కూడా ఇదే నయం.

సాక్షి చిన్నపిల్ల అయితే ఇంకో లాభం. పిల్లలు అంతా చూస్తారు, అర్థం మాత్రం వాళ్లకు తెలిసినంతే. ముళ్లపూడి 'బుడుగు' చెప్పే సంగతుల్లో పెద్దవాళ్ల లోకం మనకు బుడుగుకన్నా ఎక్కువ అర్థమవుతుంది, నవ్వంతా అక్కడే పుడుతుంది. అదే పద్ధతితో దుఃఖాన్నీ రాయొచ్చు. పిల్లల నోట పెద్దల తెలివి పలికించారంటే మాత్రం మొత్తం చెడుతుంది.

'అతను' అంటూనే లోపలికి వెళ్లడం

ఎక్కువ కథలకు నేను సూచించేది ఇది. ప్రథమ పురుషలోనే రాస్తారు, కానీ ఒక్క పాత్ర వెంటే ఉంటారు. ఆ పాత్ర చూసిందే చూపిస్తారు, ఆ పాత్రకు తెలిసిందే చెబుతారు.

"పెద్దాయన మెట్లు దిగుతున్నాడు. వీరేశం సంచిలోకి చూశాడు. వందనోట్లు ఉన్నాయి. ఇప్పుడు పిలిస్తే మళ్లీ బస్సు ఆపాలి. తను పిలవకపోతే ఎవరికి తెలుస్తుంది? ముందు సీట్లో అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. రైట్, రైట్."

ఇక్కడ 'తను' చేసే పని గమనించండి. 'అతను పిలవకపోతే ఎవరికి తెలుస్తుంది' అని ఉంటే అది బయట నిలబడి చూస్తున్న కథకుడి మాట. 'తను' అనేసరికి అది వీరేశం మనసులో మాట అయింది. 'అని వీరేశం అనుకున్నాడు' అని తోక తగిలించక్కర్లేదు కూడా. చాలామంది ప్రతి ఆలోచన చివరా 'అనుకున్నాడు' పెట్టి కథను ఈడుస్తారు. రాసిన కథలో ఆ మాటలన్నీ వెతికి, 'తను' వాడి ఎన్ని తీసేయగలరో ఒకసారి చూడండి.

ఇలా ఒక్క మనిషి వెంట నడవడం వల్ల వచ్చే అసలు లాభం, ఏది దాచాలో అది న్యాయంగా దాచగలగడం. 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' మనల్ని గోపాలరావు వెంటే ఉంచుతుంది. అర్ధరాత్రి ఇంటికొచ్చిన అతనికి భార్య కమలిని కనబడదు, మనకూ కనబడదు. అతని చేతికి ఉత్తరం వచ్చినప్పుడే మనకూ వస్తుంది. అదే కథ కమలిని వైపు నుంచి చెబితే మొదటి పేరాలోనే గుట్టు రట్టవుతుంది, దిద్దుబాటు జరిగే తీరే మారిపోతుంది. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లోనూ అంతే. రావుగారు ఏర్పరుచుకున్న నియమాలు, ఆయన భయాలు, ఆయన చలి మనకు తెలుస్తాయి. ముష్టి మనిషి మాత్రం బయటి నుంచే కనిపిస్తుంది. ఆమె మనసులోకి రచయిత వెళ్లి ఉంటే, రావుగారిలో జరిగే కదలికకు చోటు ఉండేది కాదు.

దీన్ని ఎంచుకున్నవాళ్లకు తెలుగులో ఇంకో పరీక్ష ఉంది. ప్రథమ పురుష అనగానే 'వాడు', 'అతను', 'ఆయన'ల్లో ఒకటి ఎంచుకోక తప్పదు. 'ఆమె', 'ఆవిడ', 'అది'ల్లోనూ అంతే. మర్యాద లేని సర్వనామం తెలుగులో ఉంది గానీ, మర్యాదకు సంబంధం లేని సర్వనామం లేదు. కండక్టర్‌ను 'వాడు' అన్నారంటే తీర్పు చెప్పేసినట్టే. పెద్దాయనను 'ఆయన' అంటూ కండక్టర్‌ను 'అతను' అన్నారంటే ఎవరి పక్షం ఉన్నారో కొంత చెప్పినట్టే. అందులోనూ, యజమానిని 'ఆయన' అని, పనిమనిషిని 'అది' అని రాస్తే, ఆ చూపు పాత్రదా రచయితదా? యజమాని వెంట నడుస్తున్న కథలో అది ఆ పాత్ర అహంకారాన్ని చూపించే సాధనం కావచ్చు. ఎవరి వెంటా నడవని కథలో మాత్రం ఆ నింద రచయితకే వస్తుంది, రావాలి కూడా. రాసే ముందే ప్రతి పాత్రకూ ఒక సర్వనామం నిర్ణయించుకోండి. మధ్యలో మారిస్తే, దానికి కారణం కథలో ఉండాలి. 'అతను' అంటూ వచ్చిన కథ చివరి పేజీలో 'ఆయన' అయితే, ఒక్క విశేషణం వాడకుండా ఆ మనిషిని పెంచినట్టు.

అన్నీ తెలిసిన కథకుడు

బస్సులో వీరేశం ఏమనుకున్నాడో, అమ్మాయి ఏమనుకుందో, పాణ్యంలో దిగిన పెద్దాయన రాత్రి చొక్కా జేబులోంచి టికెట్ తీసి వెనక 400 చూసి ఎంతసేపు అలా కూర్చున్నాడో, అన్నీ చెప్పగలిగేది ఈ కథకుడే. ఇది పాతబడిపోయిందని, ఆధునికం కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. మన చెవులు ఈ గొంతుకు బాగా అలవాటుపడ్డవి. హరికథలో దాసుగారు కథ ఆపి పిట్టకథ చెప్పి మళ్లీ దారిలోకి వస్తారు. బుర్రకథలో కథకుడికి చెరోపక్క వంతలు ఉంటారు, ఒకరు హాస్యానికి, ఒకరు ఆనాటి రాజకీయం మీద వ్యాఖ్యానానికి. కథ నడుస్తూనే ఉంటుంది, వ్యాఖ్యానమూ నడుస్తుంది, జనానికి ఏ ఇబ్బందీ ఉండదు.

ఇబ్బంది పొడవుతో వస్తుంది. ఐదారు పేజీల కథలో ముగ్గురి మనసుల్లోకి దూకితే పాఠకుడు ఎవరి దగ్గరా నిలబడలేడు. ఒక ఊరి కథ, మూడు తరాల కథ, కరువు, ముంపు, భూమి తగాదా వంటి పదిమందిని కదిలించే వస్తువు ఉన్నప్పుడు ఈ గొంతు కావాలి. ఒక మనిషికి ఒక సాయంత్రం జరిగిన సంగతికి అక్కర్లేదు. ఎంచుకుంటే మొదటి పేరాలోనే ఆ సంగతి తెలియనివ్వండి. ఊరినో, వాననో, బస్సు మొత్తాన్నో చూపిస్తూ మొదలుపెడితే పాఠకుడు ఆ దూరానికి సిద్ధపడతాడు. నాలుగు పేజీలు వీరేశం వెంట నడిపించి, హఠాత్తుగా ఒక్క వాక్యంలో అమ్మాయి మనసులోకి దూకడం అన్నీ తెలిసిన కథనం అనిపించుకోదు. అది పట్టు తప్పడమే.

మిగతావి, క్లుప్తంగా

కేవలం సంభాషణలతో కథ నడపడం మంచి సాధన, ముఖ్యంగా నాటకాలో స్క్రిప్టులో రాయాలనుకునేవాళ్లకు. మన బస్సు సంఘటనకు మాత్రం పనికిరాదు, ఎందుకంటే అక్కడ అసలు జరిగిందే ఎవరూ మాట్లాడకపోవడం.

ఉత్తరాల రూపంలో రాయాలంటే ఉత్తరం రాయడానికి బలమైన కారణం ఉండాలి. ఈ రోజుల్లో వాట్సాప్ మెసేజ్‌లు ఆ చోటు తీసుకోవచ్చు. పంపి డిలీట్ చేసిన మెసేజ్ ఒకటి కథ మొత్తాన్ని మోయగలదు.

'నువ్వు దిగుతావు, నువ్వు చూస్తావు' అంటూ మధ్యమ పురుషలో రాయడం ఎక్కువసేపు నిలవదు. రెండు పేజీలు దాటితే తిట్టినట్టో ఉపదేశించినట్టో ఉంటుంది. తనను తాను నిలదీసుకునే పాత్రకు తప్ప వద్దంటాను.

'మేము' కథనం మాత్రం ఇంకా ఎక్కువమంది ప్రయత్నించాలి. తెలుగులో 'మేము', 'మనం' వేరువేరుగా ఉండటం కథకుడికి గొప్ప వరం. 'మేమంతా చూశాం, ఎవరం మాట్లాడలేదు' అంటే బస్సులోవాళ్లు వేరు, పాఠకుడు వేరు. 'మనమంతా చూశాం' అంటే పాఠకుడు కూడా ఆ బస్సులోనే కూర్చున్నాడు. కథంతా 'మేము' అని నడిపి, సరైన చోట ఒక్కసారి 'మనం' అంటే ఎంత దెబ్బ తగులుతుందో రాసి చూడండి.

ఇక చైతన్య స్రవంతి. ఆలోచనలు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే కాగితం మీదికి రావడం. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజును అలా పట్టుకుంది. చదవమని అందరికీ చెబుతాను. మొదటి కథకే దాన్ని ఎంచుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. క్రమం లేనట్టు కనిపించేది రాయడానికి చాలా క్రమం కావాలి.

గొంతు మారితే అలంకారమూ మారాలి

ఉపమ, ఉత్ప్రేక్ష, ప్రతీక అని అలంకారాలను విడిగా నేర్చుకుని కథలో అద్దే అలవాటు చాలామందికి బడి నుంచే వస్తుంది. 11వ శతాబ్దపు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. కథకు దాన్ని అన్వయిస్తే: పోలిక చెప్పేవాడి లోకంలోంచి రావాలి. వీరేశం వెంట నడిచే కథలో సాయంత్రపు ఆకాశాన్ని 'కుంకుమ భరిణె ఒలికినట్టు' అంటే అతనికి ఆకాశం చూసే తీరిక ఎక్కడిదని అడగాలనిపిస్తుంది. అతనికి రోజంతా చేతిలో ఉండేవి నోట్లు, చిల్లర, టికెట్ మెషిన్. అక్కడి నుంచి వచ్చే పోలిక ఒక్కటి చాలు. ఏ పోలికా దొరక్కపోతే స్వభావోక్తి ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మన అలంకారికులు దాన్ని కూడా అలంకారమనే అన్నారు, కొత్త రచయితలు ఎక్కువగా నమ్ముకోవాల్సింది దాన్నే.

ప్రతీక కూడా ఇంతే. టికెట్ వెనక రాసిన 400 అనే అంకె వీరేశం కథలో సాక్ష్యం, అతను దాన్ని మరిచిపోవాలని చూస్తాడు. పెద్దాయన కథలో అది ఒక మనిషి చేతిరాతతో ఇచ్చిన మాట. అమ్మాయి కథలో ఆమె నోరు మెదపని క్షణం. కాగితం ముక్క ఒకటే. మీరు గొంతు ఎంచుకునే దాకా దానికి అర్థం ఉండదు.

ఇంకా తేలకపోతే

కథలో అతి ముఖ్యమైన క్షణాన్ని మాత్రమే తీసుకోండి. మన కథలో పెద్దాయన మెట్లు దిగే క్షణం. దాన్ని 'నేను'తో ఒక పేరా, 'తను'తో ఒక పేరా రాయండి. రెండూ పైకి చదవండి. ఏ పేరాలో మీరు వివరించాల్సి వచ్చింది తక్కువో అది తీసుకోండి. మొత్తం కథ రాసి మార్చడం కన్నా ఇది చాలా సులువు. కథ మొత్తం రాశాక 'నేను'ను 'అతను' చేస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఉన్నారు. సరిపోదు. క్రియలు మారతాయి గానీ, ఏం దాచారు, ఏం చెప్పారు అన్నది పాత గొంతు ప్రకారమే ఉండిపోతుంది.

ఎవరిని ఎంచుకోవాలో తెలియనప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ సంఘటన వల్ల రేపు ఉదయం ఎవరు వేరే మనిషిగా నిద్ర లేస్తారు? పెద్దాయనకు నష్టం ఎక్కువే, కానీ ఆయన మారడు, బాధపడతాడు. కండక్టర్ మారొచ్చు. అమ్మాయి తప్పకుండా మారుతుంది. అందుకే నేనైతే ఈ కథను అమ్మాయి వెంట, 'తను'తో రాస్తాను.

ఒక సందర్భంలో మాత్రం పై ప్రశ్నను పక్కన పెట్టమంటాను. మీది కాని జీవితం గురించి రాస్తున్నప్పుడు, అంటే మీరు పడని అవమానం, మీ ఇంట్లో లేని ఆకలి, మీ కులానికి తగలని దెబ్బ గురించి రాస్తున్నప్పుడు, రేపు ఉదయం మారేది ఆ మనిషే అయినా 'నేను' అని ఆ గొంతు తీసుకునే ముందు ఆగండి. అలాంటి కథలు దగ్గరగా చూసిన సాక్షి వైపు నుంచి, మీరు నిజంగా నిలబడిన చోటి నుంచి రాస్తే నిలుస్తాయి. పక్కింటివాడిగా, తోటి ఉద్యోగిగా, జీతం ఇచ్చే యజమానిగా మీకు కనిపించింది రాయండి. ఆ చోటి నుంచి మీకు కనిపించనిది ఏమిటో కూడా కథలో తెలియనివ్వండి.